టిఫిన్ బండి లోపలి గోడకు ఏ షీటు మంచిది? తక్కువ ఖర్చులో కడుక్కోగలిగేవి ఏవి, పొయ్యి వెనక వేయకూడనివి ఏవి?

సాయంత్రం అయ్యేసరికి పునుగులు, బజ్జీలు, నూడుల్స్ బండ్లు రోడ్డెక్కని ఊరు ఇప్పుడు లేదు. ఎన్టీఆర్ జిల్లా తిరువూరూ అంతే. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం, జగదల్‌పూర్ వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ లారీవాళ్లు, బస్సు ప్రయాణికులు, మామిడి సీజన్‌లో కాయల వ్యాపారులు ఆగి తింటారు. తోపుడు బండితో మొదలుపెట్టి చిన్న ఆటో ట్రక్కును కదిలే వంటగదిగా మార్చుకుందామనుకునే వారికి ఇలాంటి చోటు బాగా కలిసొస్తుంది.

అలా మార్చేటప్పుడు పొయ్యి, ఎగ్జాస్ట్ ఫ్యాను, పైన మెరిసే బోర్డు గురించి అందరూ ఆలోచిస్తారు. లోపలి గోడ సంగతి చివర్లో, డబ్బులు అయిపోయాక గుర్తొస్తుంది. అప్పుడు పాత ఫ్లెక్సీ ముక్క తెచ్చి పొయ్యి వెనక కట్టేస్తారు. నూనె చిమ్మితే దాన్ని మార్చేయొచ్చు కదా అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. ఫ్లెక్సీ అంటే పీవీసీ పూత పూసిన గుడ్డ, అది మంటకు అంగుళాల దూరంలో వేలాడుతోంది. పైగా ఆహార భద్రత అధికారి వచ్చినప్పుడు మొదట కంటబడేది ఆ గోడే.

రూల్స్ ఏమంటున్నాయి?

మన దేశంలో ఆహారం అమ్మే ప్రతి ఒక్కరికీ వర్తించేది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. దాని కింద 2011లో లైసెన్సింగ్, రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. వాటిలో నాలుగో షెడ్యూలు శుభ్రత గురించి చెబుతుంది. చిన్న వ్యాపారులకూ అందులో ఒక భాగం ఉంది.

గోడల గురించి అది చెప్పేది చాలా తక్కువ. నేల, పైకప్పు, గోడలు చెక్కుచెదరకుండా ఉండాలి. నునుపుగా, సులువుగా శుభ్రం చేసుకునేలా ఉండాలి. పెయింటు, ప్లాస్టరు పెచ్చులు ఊడుతూ ఉండకూడదు. అవసరాన్ని బట్టి నేలను, గోడల కింది భాగాన్ని క్రిమినాశినితో కడగాలి. వీధి బండ్లకు ఇంకో మాట ఉంది: వంట చేసే బల్ల నీరు ఇంకనిదై ఉండాలి, స్టెయిన్‌లెస్ స్టీలు లాంటిదైతే మేలు, నేలకు 60 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఆహారానికి, ఆహారం పెట్టే పాత్రలకు తగిలే భాగాలు తుప్పు పట్టని గట్టి పదార్థంతో చేసినవై ఉండాలి.

గమనించండి, గోడకు ఫలానా షీటే వేయాలని రూలులో ఎక్కడా లేదు. 'అంతా స్టీలు వేయిస్తేనే రిజిస్ట్రేషన్ ఇస్తారట' అని కార్ఖానాలో ఎవరైనా చెబితే అది వాళ్ల బేరం. చట్టం చూసేది పనితనాన్ని. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిస్తే శుభ్రం కావాలి, నీళ్లు పీల్చుకోకూడదు, పెచ్చులు రాలి కూరలో పడకూడదు.

పాటించకపోతే మాత్రం ఖర్చు ఎక్కువే. సరిచేసుకోమని 32వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు, అందుకు కనీసం 14 రోజుల గడువు ఉంటుంది. అపరిశుభ్రమైన పరిస్థితుల్లో ఆహారం తయారు చేస్తే 56వ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఒక మంచి స్టీలు షీటు ధర అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

రిజిస్ట్రేషన్ కావాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఏడాదికి ఎంత అమ్మకం ఉంటే రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఎంత దాటితే లైసెన్సు కావాలి అన్న పరిమితులు, ఫీజులు మారుతుంటాయి. కాబట్టి ఏజెంటు మాట మీద కాకుండా పోర్టల్‌లో ఆ రోజున్న లెక్క చూసుకుని కట్టండి.

ముందు తూకం, తర్వాతే అందం

ఇల్లు వేరు, బండి వేరు. ఇంట్లో గోడకు ఎంత బరువైన టైలు అతికించినా ఇల్లు కదలదు. బండికి మోసే బరువు పరిమితి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ తెలిసిన బండినే తీసుకుందాం. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 వాహనాలను ప్రభుత్వం రోడ్డెక్కించింది. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆపేసి రేషన్ మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. బండ్లను వాటి ఆపరేటర్లకే వదిలేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి బండిని టిఫిన్ బండిగా మార్చుకుందామని ఒకరు అనుకున్నారనుకోండి. ఏస్ గోల్డ్ సరుకు పెట్టే తొట్టి 2.2 మీటర్ల పొడవు, దాదాపు మీటరున్నర వెడల్పు ఉంటుంది. మోయగలిగేది సుమారు 750 కిలోలు. పైన కట్టే గది బరువు, నిండు నీళ్ల డ్రమ్ము, సిలిండర్లు, పొయ్యి, పిండి, నూనె, లోపల నిలబడే ఇద్దరు మనుషులు అన్నీ ఆ 750లోనే సర్దుకోవాలి.

ఆరడుగుల ఎత్తు గది కట్టి, ఒక పక్క పైసగం అమ్మకానికి తెరిచి ఉంచితే, లోపల కప్పాల్సిన గోడలూ పైకప్పూ కలిపి సుమారు 12 చదరపు మీటర్లు. ఇక్కడ టైల్స్ వేయిస్తే చదరపు మీటరుకు టైలు, జిగురు కలిపి 18 కిలోల దాకా పడుతుంది. అంటే 200 కిలోలు దాటుతుంది. బండి మోసే బరువులో నాలుగో వంతు కన్నా ఎక్కువ గోడకే పోయిందన్నమాట! అదే 0.8 మిల్లీమీటర్ల స్టీలైతే అన్ని వైపులా వేసినా 75 కిలోలే. టైల్స్‌తో ఇంకో చిక్కూ ఉంది. గతుకుల రోడ్డు మీద ఊగే బండిలో అతుకులు బీటలు వారతాయి. ఆ బీటలు నూనె పీల్చుకుని నల్లబడ్డాక ఎంత కడిగినా తెల్లబడవు. ఇంటి వంటగదికి బాగుందని బండిలో టైల్స్ అడగొద్దు.

బరువు లెక్క మీరే చేసుకోవచ్చు. స్టీలైతే పొడవు, వెడల్పు మీటర్లలో, మందం మిల్లీమీటర్లలో తీసుకుని మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 8తో గుణిస్తే దాదాపు కిలోలు వస్తాయి. అల్యూమినియమైతే 8కి బదులు 2.7. స్టీలును కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి ఇదే ధర లెక్క కూడా. 'షీటుకు ఇంత' అని మొత్తం చెప్పే షాపులో ఈ గుణింతం చేసి చూడండి, మందం విషయంలో మాయ చేస్తుంటే అక్కడే బయటపడుతుంది.

ఒక్క షీటు మీద డబ్బు పెట్టండి

బండి మొత్తానికి ఒకే రకం షీటు వేయించాలనుకోవడం వల్లే ఖర్చు పెరుగుతుంది, లేదంటే ప్రమాదం పెరుగుతుంది. అంతా మంచి స్టీలైతే డబ్బు చాలదు. అంతా చవక ప్లాస్టిక్ అయితే పొయ్యి దగ్గర అది నిలవదు. గోడలో అన్ని చోట్లా పని ఒకేలా లేదు. మంట, నూనె, పులుపు, ఉప్పు అన్నీ పడేది పొయ్యి వెనక భాగం మీదే. డబ్బంతా అక్కడ పెట్టాలి.

ఆ భాగానికి స్టెయిన్‌లెస్ స్టీలును మించింది లేదు. మన దగ్గర షీట్లు ఎక్కువగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో దొరుకుతాయి. అంటే 2.44 మీటర్లు, 1.22 మీటర్లు. ఏస్ తొట్టి పొడవు 2.2 మీటర్లు. ఒక్క షీటును అడ్డంగా తిప్పి, పైకప్పు నుంచి కిందికి బిగిస్తే నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తు దాకా వస్తుంది. వంట బల్ల ఎత్తూ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. బల్ల పైనున్న గోడ మొత్తం ఒకే ముక్క, మధ్యలో అతుకు లేదు. పొడవులో మిగిలే 24 సెంటీమీటర్లను కోసి పారేయొద్దు. రెండు చివర్లా 12 సెంటీమీటర్ల చొప్పున పక్క గోడ మీదికి వంపు తిరిగేలా మడిపించండి. జిడ్డు పేరుకునేదీ బొద్దింకలు దాక్కునేదీ మూలల్లోనే. ఇలా మడిస్తే మూల దగ్గర సందు ఉండదు, గుడ్డ పెట్టి ఒక్క ఊపులో తుడవొచ్చు.

0.8 మిల్లీమీటర్ల మందంలో ఈ షీటు దాదాపు 19 కిలోలు తూగుతుంది. కిలో 220 రూపాయలు అనుకుంటే రూ.4,200 దగ్గర పడుతుంది. ఇది లెక్క చూపించడానికి వేసుకున్న రేటు, మార్కెట్‌లో రోజూ మారుతుంది. మడత కూలి, రివెట్లు వేరు. వీధి వ్యాపారులకు ఇచ్చే పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత రుణాన్ని 2025 ఆగస్టులో రూ.10 వేల నుంచి రూ.15 వేలకు పెంచారు, గడువును 2030 మార్చి దాకా పొడిగించారు. ఆ డబ్బుతో ఏం చేయాలి అని ఆలోచించేవారికి ఈ షీటు ముందు వరుసలో ఉండాల్సిన ఖర్చు.

ఇంతకన్నా పల్చగా, 0.5 మిల్లీమీటర్లు తీసుకుంటే చవకే. కానీ వేడికి ఉబ్బి అలలు అలలుగా లేస్తుంది, బండి నడుస్తుంటే డబడబ కొట్టుకుంటుంది.

అయస్కాంతం చెప్పేది సగమే

'అయస్కాంతం అంటుకుంటే దొంగ స్టీలు, అంటుకోకపోతే మంచి స్టీలు.' గిన్నెల కొట్టు నుంచి కార్ఖానా దాకా అందరూ నమ్మే పరీక్ష ఇది. గోడ షీటు కొనేటప్పుడు దీన్ని నమ్మితే దెబ్బతింటారు.

304 రకం స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పును బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. జే4 పేరుతో అమ్మేదాంట్లో నికెల్ ఇంకా తక్కువ. కొత్తలో ఈ మూడూ ఒకేలా మెరుస్తాయి. మూడింటికీ అయస్కాంతం అంటుకోదు. అంటే 304 ధర తీసుకుని జే4 ఇచ్చినా అయస్కాంతం పట్టించలేదు. మరోవైపు 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, దానికి అయస్కాంతం అంటుకుంటుంది, అయినా అది నాసిరకం కాదు. పొడిగా ఉండే గోడకు, తలుపుకు బాగానే సరిపోతుంది, ధరా తక్కువే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? స్టీలు షాపుల్లో, పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ఒక పరీక్ష ద్రావణం ఉంటుంది. షీటు మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తీగ తాకిస్తే, మాంగనీస్ ఎక్కువున్న రకమైతే చుక్క ఎర్రబడుతుంది. మీ ముందే చేయించండి. బిల్లు మీద స్టీలు రకం, మందం రాయించుకోండి. 'రాయలేం' అన్న షాపులో 304 ధర పెట్టడం ఎందుకు?

మీరు ఏం వండుతారన్నదీ చూడాలి. దోసెలు, ఇడ్లీలే అయితే 202తోనూ కొన్నేళ్లు గడిచిపోతుంది. నూడుల్స్, ఫ్రైడ్ రైస్ బండి అయితే వెనిగర్, సోయా సాస్, ఉప్పు కలిసి రోజూ గోడ మీద చిమ్ముతాయి. అలాంటి చోట తక్కువ నికెల్ స్టీలు మీద గోధుమరంగు చుక్కలు త్వరగా మొదలవుతాయి. అక్కడ 304 తీసుకోవడమే మేలు.

ఇంకో చిన్న సంగతి. షీటు మీద కంపెనీ అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొత్త బండి కొత్తగానే కనిపించాలని దాన్ని నెలల తరబడి అలాగే ఉంచేవారు ఉన్నారు. కొత్త ఫోనుకైతే పర్వాలేదు. పొయ్యి వెనక అది వేడికి కరిగి స్టీలుకు అతుక్కుంటుంది, తర్వాత గోకినా రాదు. మొదటిసారి పొయ్యి వెలిగించే ముందే పీకేయండి.

పొయ్యి దగ్గరికి రానివ్వకూడనివి

ఏసీపీ షీటు, అంటే షాపుల ముందు బోర్డులకు వాడే అల్యూమినియం షీటు, చూడటానికి లోహంలాగే ఉంటుంది. తేలిక, నున్నగా ఉంటుంది, రంగురంగుల్లో దొరుకుతుంది, తుడిస్తే మెరుస్తుంది. బోర్డులు చేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు చవకగా కూడా వస్తాయి. కానీ అందులో లోహం పైనా కిందా కాగితమంత మందమే. మధ్యలో ఉండేది మామూలు రకాల్లో పాలిథిలిన్, అంటే క్యారీబ్యాగు చేసే ప్లాస్టిక్. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మంట ఆ భవనం పైకి అంత వేగంగా పాకడానికి ప్రధాన కారణం బయటి గోడకు వేసిన ఇలాంటి షీట్లేనని విచారణలో తేలింది. మంటను తట్టుకునే రకం ఏసీపీ ఉంది కానీ బోర్డు షాపులో మిగిలిన ముక్క అది కాదు. బండి బయటి వైపు పేరు రాయించుకోవడానికి ఏసీపీ వాడుకోండి, పొయ్యి ఉన్న గదిలో వద్దు.

పీవీసీ ప్యానెళ్లు బాత్‌రూము తలుపులకు, హాలు పైకప్పులకు వాడతారు. వాటి మీద నీళ్లు ఎంత పడినా ఏమీ కాదు, ధర బాగా తక్కువ. కానీ 80 డిగ్రీల దగ్గరే పీవీసీ మెత్తబడటం మొదలవుతుంది. బజ్జీలు వేగే నూనె 170 నుంచి 190 డిగ్రీల్లో ఉంటుంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆ ప్యానెళ్ల లోపల బోలుగా ఉంటుంది. చివర్లు మూయకపోతే బొద్దింకలకు మీరే గదులు కట్టించి ఇచ్చినట్టు. పెద్ద బస్సులోనో ట్రైలర్‌లోనో వంటగది కడితే, పొయ్యికి దూరంగా గిన్నెలు కడిగే చోట పీవీసీ వేసుకోవచ్చు. మీటరున్నర వెడల్పు ఏస్‌లో 'పొయ్యికి దూరం' అన్న చోటే లేదు.

ఆన్‌లైన్‌లో వందా రెండు వందలకు దొరికే వెండిరంగు కిచెన్ స్టిక్కర్ల సంగతీ చాలామంది అడుగుతారు. పైన పల్చటి అల్యూమినియం రేకు, వెనక జిగురు. ఇంట్లో రోజుకు రెండు పూటలా వండే చోట కొన్నాళ్లు పని చేస్తాయి. బండిలో గంటల తరబడి వేడి తగిలితే జిగురు వదిలేస్తుంది, అంచులు లేస్తాయి, ఆ అంచుల కిందికి నూనె చేరుతుంది. మే నెలలో తిరువూరు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మూసి ఉంచిన రేకు బండి లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది, పొయ్యి వెలిగించకముందే జిగురు మెత్తబడుతుంది. ఈ కారణంతోనే ఏ షీటునైనా జిగురు ఒక్కదాని మీద నిలబెట్టొద్దని చెప్పేది.

ప్లైవుడ్ మీద సన్‌మైకా కూడా ఇలాంటిదే. మైకా ముఖం గట్టిది, తుడిస్తే శుభ్రం అవుతుంది. అంచు దగ్గర ప్లైవుడ్ కనిపిస్తుంటుంది, అక్కడి నుంచి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. సామాన్ల అలమరకు సరే.

మిగతా గోడలకు ఏం వేయాలి?

పైకప్పుకు ఒక మిల్లీమీటరు అల్యూమినియం షీటు నా దృష్టిలో అన్నిటికన్నా తగినది. తేలిక, మండదు, నూనె ఆవిరి పట్టినా తుడిస్తే పోతుంది. పైకప్పు మొత్తానికి 9 కిలోలు కూడా తూగదు. పొయ్యి మీది వేడి ముందు తగిలేది పైకప్పుకే కాబట్టి అక్కడ ప్లాస్టిక్‌కు చోటివ్వొద్దు.

డ్రైవరు క్యాబిన్ వైపు గోడకు, అమ్మకం కిటికీ కింది భాగానికి రంగు పూతతో వచ్చే జీఐ షీటు చాలు. ఫ్యాక్టరీలోనే పూత పూసి వస్తుంది కాబట్టి చేత్తో వేసిన పెయింటులా పెచ్చులు ఊడదు. కోసిన అంచుల దగ్గర మాత్రం తుప్పు మొదలవుతుంది, అందుకే అంచును మడిచి బిగించాలి. పూత లేని మామూలు జీఐ షీటు మీద జింకు ఉంటుంది. పులుపు తగిలితే జింకు కరుగుతుంది, కాబట్టి దాన్ని బల్లగా, పచ్చళ్లు, చింతపండు పులుసు పెట్టే అరగా వాడకూడదు.

ఎఫ్ఆర్‌పీ షీట్ల గురించి కూడా కొందరికి తెలుసు. ఫైబర్‌గ్లాసు, రెజిన్ కలిపి చేసేవి. విదేశాల్లో హోటళ్ల వంటగదుల్లో గోడలకు విరివిగా వాడతారు, తేలికగా ఉంటాయి, గట్టిగా కడిగినా ఏం కాదు. అక్కడ కూడా సాధారణంగా పొయ్యి వెనక స్టీలే వేసి, మిగతా గోడలకు ఎఫ్ఆర్‌పీ వేస్తారు. మన దగ్గర చిన్న ఊళ్లలో ఒకటి రెండు షీట్లు విడిగా దొరకడం కష్టం, దొరికితే క్యాబిన్ వైపు గోడకు వేసుకోవచ్చు.

ఉన్న ఇనుప బాడీకే పెయింటు వేసి సరిపెట్టుకుందాం అంటారా? అన్నిటికన్నా చవక అదే. తుప్పు గీకి, ప్రైమరు వేసి, ఎపాక్సీ పెయింటు రెండు కోట్లు వేయిస్తే పొయ్యికి దూరంగా ఉన్న భాగాల్లో పర్వాలేదు. మామూలు ఎనామిల్ అయితే ఏడాది తిరక్కుండానే పెచ్చులు లేస్తుంది, రూలు వద్దన్నదీ సరిగ్గా అదే. పెయింటులో సీసం సంగతి కూడా చూడాలి. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అది పరిశ్రమల్లో వాడే పెయింట్లకు వర్తించదు. లారీ బాడీకి వేసే డబ్బాలో మిగిలిన రంగు వంటగది లోపల వేయించొద్దు.

బిగించడంలోనే అసలు పని

తిరువూరుకు విజయవాడ ఆటోనగర్ సుమారు 70 కిలోమీటర్లు. బాడీ కట్టే షెడ్లు అక్కడ వరసగా ఉంటాయి, అందుకే చాలామంది అక్కడికే వెళతారు. లారీ బాడీ కట్టడంలో వాళ్ల చేయి తిరిగింది. కానీ లారీ తొట్టిలో నూనె చిమ్మదు, గ్యాసు లీకవదు. కాబట్టి వంటగదికి కావాల్సినవి మీరే అడిగి చేయించుకోవాలి.

మొదటిది, పొయ్యి వెనక స్టీలు షీటును నేరుగా ప్లైవుడ్‌కు అతికించనివ్వొద్దు. స్టీలు మండదు కానీ వేడిని వెనక్కి పంపిస్తుంది. నెలల తరబడి అలా వేడెక్కిన చెక్క లోపల్లోపలే మాడి, చివరికి తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. షీటుకూ వెనక గోడకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ వదిలి, ఇనుప పట్టీల మీద బిగించాలి. ఆ ఖాళీలో గాలి ఆడాలి. డబ్బుంటే వెనక సిమెంటు ఫైబరు బోర్డు ముక్క వేసుకోవచ్చు, అయితే అది బరువు. ఖాళీ చివర్లకు సన్న జాలీ కొట్టించండి, లేకపోతే ఎలుకలు చేరతాయి.

రెండోది ఇంకా ముఖ్యం. వంటగ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. మామూలు బండిలో నేల దగ్గర సందులుంటాయి, అది బయటికి పోతుంది. 'నీళ్లు కారకుండా, పురుగు రాకుండా' అని కొత్త షీటు వేసి కింది అంచంతా సిలికాన్‌తో బిగించేస్తే, ఆ గది గ్యాసును పట్టి ఉంచే తొట్టిలా మారుతుంది. నేల ఎత్తులో, ముఖ్యంగా సిలిండరు ఉండే వైపు, జాలీ వేసిన రంధ్రాలు తప్పకుండా ఉంచాలి. వాటిని మూసే షీటు ఎంత శుభ్రంగా ఉన్నా ప్రాణం మీదికి తెస్తుంది. సిలిండరు విషయానికొస్తే, వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల వాణిజ్య సిలిండరే. ఇంటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండరు బండిలో పెడితే చట్టవిరుద్ధం.

రివెట్లు ఒకటికొకటి జానెడు లోపు దూరంలో పడాలి. మధ్యలో రంధ్రం ఉండే రివెట్లలో జిడ్డు చేరుతుంది, కాబట్టి ప్రతిదాని మీదా సిలికాన్ చుక్క పెట్టించండి. సిలికాన్‌లో పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుముకు, జీఐ షీటుకు తుప్పు తెస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడగండి, పొయ్యి దగ్గర ఎక్కువ వేడిని తట్టుకునే రకం. అల్యూమినియం షీటుకు స్టీలు స్క్రూలు వేస్తే తడి తగిలినప్పుడల్లా స్క్రూ చుట్టూ అల్యూమినియం తినేస్తుంది, దానికి అల్యూమినియం రివెట్లే వేయించాలి.

గోడ నేలను కలిసే చోట షీటును లంబంగా వదలకుండా రెండు మూడు అంగుళాలు నేల మీదికి వంపు తిప్పించండి. నీళ్లు చల్లి కడిగినప్పుడు మురికి మూలలో ఆగదు.

రోజూ కడగడం ఎలా?

గోడకు పట్టిన నూనె ఆ రాత్రే తుడిస్తే గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. అదే నూనె రోజూ వేడెక్కుతూ వారం గడిస్తే గట్టిపడి వార్నిష్‌లా మారుతుంది. అప్పుడు సబ్బుకు లొంగదు, దాంతో యాసిడ్ సీసా తీస్తారు. గోడ పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

టాయిలెట్ కడిగే యాసిడ్‌లోనూ బ్లీచింగ్ పౌడర్‌లోనూ ఉండే క్లోరిన్ సంబంధ రసాయనాలు స్టెయిన్‌లెస్ స్టీలుకు శత్రువులు, 304కైనా సరే గుంటలు పడేలా చేస్తాయి. క్రిమినాశినిగా క్లోరిన్ నీళ్లు వాడాల్సి వస్తే బాగా పలచగా కలిపి, కాసేపటికే మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. గట్టిపడిన జిడ్డుకు వంటసోడా ముద్దలా కలిపి పూసి అరగంట వదిలేస్తే మెత్తబడుతుంది. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు స్టీలు మీద సరే కానీ అల్యూమినియం పైకప్పును నల్లగా తినేస్తాయి. ఇనుప పీచు వాడితే దాని నలుసులు స్టీలులో ఇరుక్కుని తుప్పు పడతాయి, అప్పుడు 'నాకు నాసిరకం స్టీలు అంటగట్టారు' అని షాపువాడిని తిట్టుకుంటారు. కొబ్బరి పీచో నైలాను స్క్రబ్బరో వాడి, షీటు మీద సన్నగీతలు ఎటు ఉంటే అటే రుద్దండి.

బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న చోట కడిగి ఆరబెడితే తెల్లమచ్చలు మిగులుతాయి. చివర్లో పొడిగుడ్డ ఒక్కటి తిప్పితే ఆ బాధ ఉండదు.

కాగితాల పని మర్చిపోవద్దు

సరుకు బండిని వంటగదిగా మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ఉండాలి. షీటు ఒక్కటే మార్చితే గొడవ లేదు. పైన గది కట్టించినా, పక్కగోడ కోసి కిటికీ పెట్టినా అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి, బీమా కంపెనీకి కూడా తెలపాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. పని మొదలుపెట్టే ముందే బాడీ డ్రాయింగ్, అంచనా బరువు కాగితం మీద పెట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. బిగించేశాక వెళ్లి కాదంటే, మడత పెట్టించిన ఆ షీటు ఇంకే బండికీ పనికిరాదు.